పెంచలయ్య బ్రష్షు పిడి

ఆ పిడి పుచ్చలేదు. కర్ర లోపల ఎర్రగా, గట్టిగా, నిన్న కోసినంత నిక్షేపంగా ఉంది. ఈ మాట చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు. చెప్పకపోగా పుచ్చిందన్నాను. కర్రపని చేసేవాడి నోట వచ్చిన మాట కాబట్టి విన్నవాళ్లు నమ్మారు. దానివల్ల ఒక అక్క, ఒక తమ్ముడు కొన్నేళ్లపాటు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. నా పని గురించి రాయమని ఒకరు అడిగినప్పుడు, బాగా కుదిరిన పనుల గురించి రాయాలనే మొదట అనుకున్నాను. కానీ ఇది రాయకుండా మిగతావి రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

అది కరోనాకు ముందు ఏడాది. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో నా లేత్ షాపు. లేత్ అంటే కర్రను రెండు మొనల మధ్య బిగించి గిరగిరా తిప్పే యంత్రం. తిరిగే కర్రకు ఉలి ఆనిస్తే అది గుండ్రంగా చెక్కుకుంటూ పోతుంది. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, కవ్వాలు, బొంగరాలు నా రోజువారీ పని. సొంతూరు ఉదయగిరి. కొండ కింద మా వీధిలో ప్రతి ఇంట్లోనూ చెక్క స్పూన్లు చేసేవాళ్లు. మా అబ్బా కొండ మీది నర్ది కర్ర, బిక్కి కర్ర తెచ్చి గంటెల ఆకారానికి కోసి పడేస్తే, అమ్మీ గుమ్మంలో కూర్చుని ఆకురాయితో రుద్దేది. ఆ చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్లం. ఆ పొడి మా పుస్తకాల మీద, అన్నం గిన్నెల మూతల మీద, అమ్మీ కనురెప్పల మీద సన్నగా పేరుకుని ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా నర్ది పొడి వాసన వస్తే నాకు ముందు ఆకలేస్తుంది.

గడ్డం బ్రష్షుల పని నా దగ్గరికి అనుకోకుండా వచ్చింది. ఒక లెక్చరర్ గారు వాళ్ల తాత బ్రష్షు తెచ్చి, పిడి చీలింది అతికించమన్నారు. అతికించాను. ఆయన ఇంకొకరికి చెప్పారు. నురగ ట్యూబులు, వాడి పారేసే రేజర్లు వచ్చాక అటక మీదికి ఎక్కించిన బ్రష్షుల్ని జనం మళ్లీ దించుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. బ్రష్షు కుచ్చును ఈ పనిలో నాట్ అంటారు. అది కూర్చునే గుంతను సాకెట్ అంటారు. పాత నాట్ తీయాలంటే పిడిని ఆవిరికి పట్టాలి. లోపలి పాత జిగురు మెత్తబడితే పట్టకారుతో లాగితే వచ్చేస్తుంది. రాకపోతే కుచ్చు కత్తిరించి, మొదలును డ్రిల్లుతో తొలచాలి. గుంత శుభ్రం చేసి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతో కొత్త నాట్ నిలబెట్టాలి. నాట్ ఎంత లోతుకు దిగాలన్నదే అసలు విద్య. ఎక్కువ దిగితే వెంట్రుకలు చీపురులా గుచ్చుకుంటాయి, తక్కువ దిగితే తడిసిన కోడి తోకలా వాలిపోతాయి.

మాలకొండయ్య ఇక్కడి బస్సు డిపోలో మెకానిక్. నా ఈడువాడే, ఒకట్రెండేళ్లు చిన్న. ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా షాపుకు వచ్చి, జేబులోంచి రుమాలు మూట తీసి బల్ల మీద విప్పాడు. అందులో పాత బ్రష్షు. కుచ్చు సగం రాలిపోయి, మిగిలింది పసుపు పచ్చగా గట్టిపడి ఉంది. పిడి నర్ది కర్ర, మధ్యలో సన్నటి నడుముతో. ఎవరు చేశారో తెలియదు కానీ మా ఊరి పనితనమే.

"మా నాయనది మస్తానన్నా. మళ్లీ పనిలోకి వస్తాదా?"

"నీ బస్సుల కన్నా పాతదిగా ఉండాదే."

"మా బస్సుల కన్నా నయమేలే. ఇది ఇంకా తోయించుకోలా," అన్నాడు. నేను నవ్వాను. తర్వాత గొంతు తగ్గించి, "పంది వెంట్రుకలేమోన్నా. నీకేమన్నా ఇబ్బందా?" అని అడిగాడు.

"గ్లౌజులు ఉండాయి, పట్టకారు ఉండాది. తీసి పారేసేదానికి ఇబ్బందేముండాది? కొత్తది మాత్రం నైలాన్‌ది పెడతా."

"నురగొస్తే చాలు. నేను రోజూ వాడుకోవాల, అంతే."

వాళ్లది సీతారామపురం వైపు ఒక పల్లె. గొర్రెలు, మేకలు కాసిన కుటుంబం. తండ్రి పెంచలయ్య చివరి రోజులు కూతురు రమణమ్మ ఇంట్లో, వరికుంటపాడు దగ్గర గడిపాడు. సంవత్సరీకం అయ్యాక ఆమె తమ్ముడికి ఈ బ్రష్షు ఇచ్చింది. అతను ఆ రోజు నాతో చెప్పింది ఇంతవరకే. నేను అడిగింది అంతకన్నా తక్కువ.

నాట్ సులువుగానే వచ్చింది. గుంత తుడిచి పిడిని వెలుతురులో పట్టుకుంటే నడుము దగ్గర రెండు వైపులా గాట్లు కనిపించాయి. ఎలుక, అనుకున్నాను. స్పూన్ల ఇంట్లో పెరిగినవాడికి ఎలుకలు కొరికిన కర్ర కొత్త కాదు. నెయ్యి, నూనె తగిలిన చెక్కను ఎలుక వదలదు. సబ్బులో కూడా కొవ్వు ఉంటుంది, ఏళ్ల తరబడి సబ్బు తాగిన పిడిని వదులుతుందా? నాకు ఎంత తెలుసో అంత తెలివిగా పొరపాటు పడ్డాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఎలుకకు ముందు పళ్లు పైన రెండు, కింద రెండే, గాట్లు జంటలుగా, గీతల్లా పడతాయి. ఈ గాట్లు వరసగా, చిన్న వంపు తిరిగి ఉన్నాయి. కుడివైపు ఒకటి మిగతావాటికన్నా లోతుగా ఉంది. ఆ వంపు చూశాను. చూసి కూడా పిడిని లేత్‌కు బిగించాను. లేత్ మనిషికి గుండ్రంగా లేనిది ఏది కనిపించినా చెయ్యి ఊరుకోదు. నడుము ఒక నూలు మందం తగ్గింది. గాట్లు పోయాయి. లోపలి కర్ర ఎర్రగా బయటపడింది. ఎమెరీ కాగితం పట్టి, మైనం రుద్దితే అద్దంలా మెరిసింది. ఆ ఏడాది నేను చేసిన పనుల్లో అదే మేలైనదని మురిసిపోయాను కూడా.

మాలకొండయ్య వచ్చినప్పుడు షాపులో ఇంకో ఇద్దరు ఉన్నారు. మంచం కోళ్ల కోసం వచ్చిన వడ్రంగి మేస్త్రి, అతని బావమరిది. మాలకొండయ్య బ్రష్షు అందుకుని, కుచ్చును బుగ్గకు తాకించుకుని, "మెత్తగా ఉండాదే!" అన్నాడు. తర్వాత బొటనవేలితో పిడి నడుమును తడిమాడు. తిప్పి ఇంకోవైపు తడిమాడు.

"అన్నా, ఇక్కడ పళ్లగాట్లు ఉండేవే?"

"పళ్లగాట్లా?"

"మా నాయనయి." ఎడమ ముంజేతిని మోచేతి దగ్గర అడ్డంగా కోసినట్టు చూపించాడు. "ఆయనకి ఈ చెయ్యి లేదన్నా. నేను పుట్టకముందే నూర్పిడి మిషన్‌లో పోయినాది. అయినా గడ్డం ఇంకొకరి చేత చేయించుకునేవాడు కాదు. బ్రష్షు నీళ్లలో ముంచి, ఇట్ట అడ్డంగా పళ్ల మధ్య కరిచిపెట్టుకోని, ఉన్న చేత్తో సబ్బుబిళ్ల తీసి దాని మీద రుద్దేవాడు. మా అక్క అద్దం పట్టుకోని కూచునేది. కుదురుగా పట్టుకోదు, ఎండ తీసుకోని పోయి నాయన కళ్లలో కొట్టేది. నాయన పళ్లు విప్పితే బ్రష్షు కింద పడతాది గదా, తిట్టాలన్నా తిట్టలేడు. ఊ ఊ అని గుర్రుమనేవాడు. మేకపిల్ల దగ్గరికొస్తే దాని మూతికింత నురగ పూసేవాడు. ఆయనకి కుడిపక్క కోరపన్ను వంకర, మా అక్కకీ అదే పన్ను. ఆ గాటు ఒకటి లోతుగా ఉండేది. చీకట్లో తడిమినా తెలిసేది." అతని బొటనవేలు ఇంకా అక్కడే తిరుగుతోంది. "ఇప్పుడు లేదే."

అప్పుడు చెప్పాల్సింది. ఎలుక అనుకున్నాను, నిన్ను అడగాల్సింది, అడగలేదు అని చెప్పాల్సింది. మేస్త్రి నా వైపే చూస్తున్నాడు. ఉదయగిరి పనివాడికి ఎలుక గాటుకూ మనిషి గాటుకూ తేడా తెలియదా అని ఊళ్లో చెప్పుకుంటారేమోనని నా భయం. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అక్కడ కర్ర పుచ్చిపోయినాది మాలకొండయ్యా. తీయకపోతే పగిలిపోయేది. ఎవరో తడిలో పెట్టేసినారు."

అతని ముఖం మారిపోయింది. "తడిలోనా? ఎన్నాళ్లు తడిలో ఉంటే అట్టవుతాది?"

"ఒక వానాకాలం చాలు."

మేస్త్రి కూడా తలూపాడు, నిజమే అన్నట్టు. మాలకొండయ్య బ్రష్షును రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత టీ బంకు దగ్గర ఎప్పుడైనా ఎదురైతే నేనే చూపు తిప్పుకునేవాణ్ని. లాక్‌డౌన్‌లు వచ్చాయి, పోయాయి. నా అబద్ధం చిన్నదేనని, ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. తడిలో పెట్టిన 'ఎవరో' ఎవరవుతారో ఆలోచించలేదు.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఉదయగిరి బస్సు దిగి ఒకావిడ షాపు ముందు నిలబడింది. గుడ్డసంచి, నెత్తిన కొంగు. "మస్తానంటే నువ్వేనా అబ్బయ్యా?" అని నవ్వింది. కుడివైపు కోరపన్ను వంకర. ఆమె పేరు చెప్పకముందే నా చేతిలో ఉలి ఆగిపోయింది.

స్టూలు వేసి నీళ్లిచ్చాను. ఆమె కోపంతో రాలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"నీతో తగువుకి రాలా," అంది. "ఒక మాట కనుక్కుందామని వచ్చినా. మా నాయన బ్రష్షు తడికి పుచ్చినాదని నువ్వు చెప్పినావంట. మా తమ్ముడు ఆ పొద్దే ఫోను చేసి అడిగినాడు. నేను తడిలో పెట్టలేదురా అంటే వినలా. 'ఒక పిడిని చూసుకోలేనిదానివి, నాయన్నేం చూసినావో' అన్నాడబ్బయ్యా. ఆ మాట నాకు లోపలెక్కడో దిగబడిపోయినాది. నేనూ తగ్గి మాట్లాడలా. అంతే, రాకపోకలు పోయినాయి."

ఆమె చెప్పుకుంటూ పోయింది.

"ఇప్పుడు మా అమ్మాయి కొడుక్కి పెంచలకోనలో పుట్టువెంట్రుకలు తీయిస్తన్నాం. నాకు మొగబిడ్డలు లేరు. పిల్లోణ్ని మేనమామ బదులు ఒళ్లో కూచోబెట్టుకోవాలంటే మా తమ్ముడే దిక్కు. వాడు రానంటన్నాడు. నేను దాన్ని నాయన కళ్లద్దాలతో పాటు అల్మరాలోనే పెట్టినా. తడి యాడ తగిలినాదో నాకు తట్టడంలా. నీకైతే తెలుస్తాది. నా తప్పేందో చెప్తే, వచ్చే ఆదివారం పోయి వాడి దగ్గర ఒప్పుకుంటా."

ఆమె తన తప్పు ఏమిటో నన్ను చెప్పమని అడుగుతోంది. షాపులో ఎవరూ లేరు. మేస్త్రి లేడు, అతని బావమరిది లేడు. పరువు పోవడానికి చూసేవాళ్లే లేరు. అయినా నా నోట వచ్చింది ఇది:

"అల్మరా గోడకు ఆనుకోనుండాదా అక్కా?"

"ఆనుకొనే ఉండాది."

"అయితే గోడ చెమ్మ అయ్యుంటాది."

ఆమె తలూపింది. "అంతేనేమో. నాకు తట్టలా." ఇన్నేళ్లకు తన తప్పు దొరికినందుకు ఆమె ముఖంలో ఒక తేలిక కనిపించింది. సంచిలోంచి నాలుగు మామిడికాయలు తీసి నా బల్ల మీద పెట్టి, "పిల్లలకియ్యి," అని బస్సుకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం లేత్ ఆన్ చేయలేదు. మామిడికాయలు బల్ల మీద అలాగే ఉన్నాయి. మొదటిసారి అబద్ధం భయంతో ఆడాను. రెండోసారి ఎందుకు ఆడానో నాకే తెలియలేదు. మొదటిదాన్ని నిలబెట్టుకోవడం అలవాటైపోయి ఉంటుంది, అంతే.

మర్నాడు పొద్దున్నే డిపో గేటు దగ్గరికి వెళ్లాను. మాలకొండయ్య చేతులు గ్రీజుతో ఉన్నాయి.

"పిడి పుచ్చలా మాలకొండయ్యా. ఎలుక కొరికినాదనుకోని నేనే చెక్కేసినా."

అతను పాత బనియన్ గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"మరి పుచ్చినాదంటివే."

"అంటిని."

"ఎవరో తడిలో పెట్టినారంటివే."

"అదీ అంటిని."

"నీ మాట పట్టుకోని మా అక్కని నేనేమన్నానో తెలుసా నీకు?"

"తెలుసు. నిన్న షాపుకొచ్చినాది."

"అక్కా? ఎందుకు?"

"తడి యాడ తగిలినాదో కనుక్కునేదానికి."

అతని కళ్లు నా మీద నిలిచాయి. "అప్పుడన్నా నిజం చెప్పినావా?"

"చెప్పలా. గోడ చెమ్మ అని చెప్పినా."

"థూ! నువ్వు మనిషివేనా?" గుడ్డను నేలకేసి కొట్టాడు. గేటు దగ్గర డ్రైవర్లు ఆగి చూశారు. "చెక్కితే చెక్కినావు, పోనీ అనుకుంటా. మా నాయన పళ్లు యాడ తెచ్చి మళ్లీ కొరికిస్తావు? సరే. మా అక్కకేం చెప్తావు?" కొంచెంసేపు అటూ ఇటూ నడిచాడు. తర్వాత లోపలికి వెళ్లి సెలవు చెప్పి వచ్చి, బండి స్టాండు తీశాడు. "ఈ మాట వినాల్సింది నేను కాదు. ఎక్కు."

మధ్యలో వాళ్లింటి దగ్గర ఆగి లోపలికి వెళ్లి వచ్చాడు, అంతే. ఎండకు తెల్లబడిన మెట్ట చేలు, గొర్రెల మందలు, తర్వాత దూరంగా ఉదయగిరి కొండ. ఎప్పుడు ఆ కొండ కనిపించినా నాకు అమ్మీ ఆకురాయి చప్పుడు వినిపిస్తుంది. అమ్మీ పోయాక ఆ ఆకురాయిని నేనే తెచ్చుకున్నాను. దాని పిడి మీద ఆమె అరచేయి ఆనిన చోట నున్నగా పల్లం పడి ఉంటుంది. ఎవరైనా నాకు మేలు చేస్తున్నాననుకుని ఆ పల్లాన్ని లేత్ మీద సరిచేసి ఇస్తే నేనేం చేసేవాణ్ని? ఈ పనిలో ఇన్నేళ్లున్నా అది నాకు ఆ బండి వెనక కూర్చున్నప్పుడే తెలిసింది. ఇప్పుడు నా షాపుకు పాత వస్తువు ఏది వచ్చినా, దాని మీద ఉన్న ప్రతి గాటు మీదా వేలు పెట్టి, ఇదెవరిది, దీన్ని ఉంచాలా తీయాలా అని అడిగాకే ఉలి పడతాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ.

రమణమ్మ పశువుల కొట్టం ముందు మేకలకు ఆకు వేస్తోంది. బండి దిగిన తమ్ముణ్ని చూసి చేతిలో కొమ్మ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం రా, దారి తప్పినావా?"

"తప్పినా," అన్నాడు మాలకొండయ్య.

"మొగమేంది ఇట్ట పీక్కపోయినాది? మీ ఆవిడ సంగటి పెట్టడంలా? రా, నీడకి రా." నవ్వుతోంది, ఏడుస్తోంది, ఆ వంకర పన్ను కనిపిస్తోంది. మమ్మల్ని వసారాలో మంచం మీద కూర్చోబెట్టి, నా వైపు తిరిగింది. "నువ్వే తోడుకొచ్చినావా అబ్బయ్యా? ఆదివారం నేనే పోయి నా తప్పు ఒప్పుకుందామనుకుంటి. అంత శ్రమ లేకుండా చేసినావు. నీ మేలు మరిచిపోను." చెంబు నిండా మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంక ఆ పుల్ల ఊసు ఎవురూ ఎత్తొద్దు. తాగండి."

మాలకొండయ్య చొక్కా జేబులోంచి రుమాలు మూట తీసి, మంచం మీద మా మధ్య పెట్టాడు. ఇంటికి వెళ్లి తెచ్చింది అదేనని అప్పుడు అర్థమైంది. స్తంభం వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆ మజ్జిగ తాగి, దీవెనలు మూటగట్టుకుని నేను ఆత్మకూరు బస్సు ఎక్కొచ్చు. అక్కాతమ్ముళ్లు కలిశారు కదా అని సర్ది చెప్పుకోవచ్చు. కానీ ఆమె తప్పు చేసినదానిగానే మిగిలిపోతుంది.

చెంబు కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"మజ్జిగ తర్వాత తాగుతానక్కా. ముందు ఇది విను. ఈ పిడి పుచ్చలా. నీ గోడకు చెమ్మ లేదు. మీ నాయన పళ్లగాట్లు చూసి ఎలుక కొరికినాదనుకోని నేనే చెక్కేసినా. నీ తమ్ముడు అడిగితే, నా పని తప్పనిపించుకోలేక నీ మీదికి తోసినా. నిన్న నువ్వు నా ముందర కూచోని అడిగితే ఇంకోసారి తోసినా. చెక్కినప్పుడు లోపల కర్ర ఎట్ట ఉండాదో చూసినవాణ్ని నేనొక్కణ్నే. నిక్షేపంగా ఉండాది. నువ్వు దాన్ని బాగా చూసుకున్నావు, మీ నాయన్నీ బాగా చూసుకున్నావు. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది నేను. చెప్పలా. తప్పు నాదక్కా. నన్ను క్షమించు."